ఇంట్లో మరమ్మతులు సొంతంగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణుపురం మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో రెండూ కలిపి బతుకుతున్నవాళ్లం. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా మా ఊరికి వచ్చే చిన్న రైలులో మా నాన్నగారు ఫిట్టరుగా పనిచేసేవారు. కుళాయి కారినా, కుర్చీ కాలు ఊగినా, సైకిలు చెయిన్ తెగినా ఆయన చేతితోనే బాగుపడేది. బయటి మనిషిని పిలవడం నా చిన్నతనంలో చూసిన గుర్తు లేదు. చిన్న రైలు 2004లో ఆగిపోయి, పెద్ద లైను మీద 2011లో మళ్లీ గుణుపురానికి బండి వచ్చేలోగా నాన్నగారు కాలం చేశారు. ఆయన పానాల పెట్టె నాకు మిగిలింది గాని, అందులో సగం వస్తువులు దేనికి వాడతారో కూడా నాకు తెలియదు. వయసు 52, చెప్పేది లెక్కలు, చేతికి తెలిసిన పనిముట్టు సుద్దముక్క ఒక్కటే.

ఈ ప్రశ్న అడగడానికి ఒక కారణం ఉంది. నిరుడు వేసవిలో మా పడకగది ఫ్యాను బాగా నెమ్మదించింది. పిలిచిన మనిషి వచ్చి, రెక్కలు విప్పి, ఫ్యానును సైకిలు వెనక కట్టుకుని పట్టుకెళ్లి, నాలుగు రోజుల తరువాత తెచ్చి బిగించి, వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్ట, మొత్తం కాలిపోయిందని చెప్పి 800 రూపాయలు తీసుకున్నాడు. ఆయన వెళ్లాక స్టూలెక్కి తుడుస్తుంటే గమనించాను: ఎప్పుడో గోడలకు వెల్ల వేసినప్పుడు ఫ్యాను గిన్నె మరల మీద పడిన సున్నం చుక్కలు మరల గాళ్లను కప్పేసి ఎక్కడివక్కడే ఉన్నాయి. పైన గొట్టం దగ్గర డబ్బాలో ఉండే కండెన్సర్ మాత్రం కొత్తగా మెరుస్తోంది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, ఎదురుగా నిలబడి కూడా ఏమీ అడగలేకపోయానన్న చిన్నతనం ఎక్కువగా గుచ్చింది.

ఇప్పుడు హాల్లోని ఫ్యాను కూడా అదే దారి పట్టింది. దీన్ని నేనే బాగుచేయాలని పట్టుదలగా ఉంది. ఏ పనితో మొదలుపెట్టాలి, ఏయే పనిముట్లు కొనాలి, మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఈ వయసువాడికి నేర్పేవారు ఎవరైనా ఉన్నారా? వీడియోలు చూశాను గాని, చూపించేవారి చేతులు చాలా వేగంగా కదులుతాయి, ఎందుకు అలా చేస్తున్నారో చెప్పరు. నాకు ఆ ఎందుకు అన్నదే కావాలి.

పర్లాకిమిడి వైర్‌మన్

మాస్టారూ, నమస్కారం. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చదివి, పర్లాకిమిడిలో చాలాకాలంగా ఇదే పని చేసుకుంటున్నాను. సున్నం చుక్కలు చాలు. ఆ గిన్నెను ఎవరూ తెరవలేదు, వైండింగ్ ముట్టుకోనూ లేదు. మా వృత్తివాళ్ల తరఫున సిగ్గుపడుతూనే ఒక సంగతి చెబుతాను. కండెన్సర్ మార్చి, ఉన్నది ఉన్నట్టు చెబితే, వస్తువు ఖరీదు పోను నా కూలి యాభై రూపాయలు ఇవ్వడానికి కూడా బేరమాడే ఇళ్లున్నాయి. వైండింగ్ అంటే ఆ ఇళ్లవాళ్లే మారుమాట లేకుండా వందలు తీసి ఇస్తారు. మీ మనిషి చేసింది మోసమే, అందులో సందేహం లేదు, కాని ఆ అలవాటు ఇలాంటి చోట పుడుతుంది.

ఇక మీ హాలు ఫ్యాను. ముందు ఫ్యానును కాక కరెంటును అనుమానించండి. సాయంత్రం పూట మాత్రమే నెమ్మదించి, అర్ధరాత్రి దాటాక చక్కగా తిరుగుతుంటే రోగం వోల్టేజిది. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. మీరు లెక్కల మాస్టారు కనుక సులువుగా పోల్చుకుంటారు: 230 ఉండవలసిన చోట 180 మాత్రమే వస్తే, బలం నూటికి 61 వంతులకు పడిపోతుంది. అలాంటప్పుడు మీరు ఎన్ని కండెన్సర్లు మార్చినా ప్రయోజనం ఉండదు. అందుకే మీరు కొనవలసిన మొదటి వస్తువు మల్టీమీటరు, అది కూడా కండెన్సర్‌ను కొలిచే అమరిక ఉన్నది.

వోల్టేజి సరిగానే ఉందనుకుందాం. మెయిన్ ఆపి, రెక్కను చేత్తో తిప్పి వదలండి. తేలిగ్గా కొన్ని చుట్లు తిరిగి ఆగితే బేరింగులు బాగున్నట్టు. గరగరమంటూ వెంటనే ఆగితే బేరింగులు పోయినట్టు. తేలిగ్గానే తిరిగితే, చేయి తీసి, కిందికి దిగి, మెయిన్ వేసి చూడండి. ఫ్యాను గుయ్యిమంటూ కదలకుండా ఉండి, పొడుగాటి ఎండు కర్రతో మెల్లగా తోస్తే ఎటు తోస్తే అటు తిరగడం మొదలుపెడితే, ఇక అనుమానం అక్కర్లేదు, అది కండెన్సరే. దానికి కారణం ఉంది. మన ఇంటి కరెంటు ఒకే ఫేజు కనుక, ఒక్క చుట్టతో మోటారుకు ఏ దిక్కుకు తిరగాలో తెలియదు. రెండో చుట్టకు కండెన్సర్ ద్వారా కరెంటును కొంచెం ముందుకు జరిపి పంపిస్తేనే ఒక దిక్కు ఏర్పడుతుంది. కండెన్సర్ పూర్తిగా చస్తే దిక్కు పోతుంది. సగం చస్తే బలం తగ్గి నెమ్మదిస్తుంది. మీ ఫ్యానుది ఈ రెండో స్థితి అని నా అంచనా.

కండెన్సర్ మీద 2.5 అనో 3.15 అనో మైక్రోఫారడ్లలో రాసి ఉంటుంది, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని కూడా ఉంటుంది. తీసి కొలిచినప్పుడు 2.5 రావలసిన చోట 1.6 వస్తే మార్చేయండి. కొనేటప్పుడు అదే అంకె అడగండి. పెద్దది వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందని కొందరు వేస్తుంటారు, దానివల్ల చుట్ట వేడెక్కి నిజంగానే వైండింగ్ ఖర్చు వస్తుంది. విప్పే ముందు ఎక్కడి తీగ ఎక్కడుందో ఫోనులో ఫోటో తీసుకోండి. కండెన్సర్‌లో కరెంటు నిలవ ఉండవచ్చు కనుక, మెయిన్ ఆపాక కూడా దాని రెండు తీగల కొసలను ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు ములికితో ఒకసారి కలిపి ఆ తరువాతే ముట్టుకోండి. రిమోటుతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఇదేదీ వర్తించదు. వాటిలో ఉండేది సర్క్యూట్ బోర్డు, వాటి జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

మీ నాన్నగారి పెట్టె విషయం చదివి సంతోషించాను. అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆ కాలం రైలు పానాలు చాలావరకు అంగుళాల కొలతవి, ఇప్పటి నట్లు మిల్లీమీటర్లవి. 11/16 అంగుళం పానా దాదాపు 17.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 17 నట్టుకు పట్టినట్టే పట్టి, బలం పెట్టగానే జారి మూలలు అరగదీస్తుంది. పానా మీద చెక్కిన అంకె చదివి రెండు కుప్పలుగా వేరు చేసుకోండి. ఆకురాళ్లు, సుత్తి, పట్టకార్లు ఏ కాలంవైనా పనికి వస్తాయి. ఆకురాళ్లకు తుప్పు ఉంటే ఇనుప బ్రష్షుతో గాడి వెంట తోమండి, నూనె మాత్రం రాయకండి.

ఇంకొక్కటి, మా షాపులో అన్నిటికన్నా ఎక్కువ వాడే పరికరం మీరే చేసుకోగలిగేది ఉంది. ఒక చెక్క మీద 100 వాట్ల పాతరకం తీగ బల్బు హోల్డరు, ప్లగ్గు సాకెట్టు పెట్టి, కరెంటు బల్బు గుండా వెళ్లి సాకెట్టుకు చేరేలా కలిపితే దాన్ని సిరీస్ బోర్డు అంటాం. బాగుచేసిన మిక్సీని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకుండా ముందు ఇందులో పెడతాం. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది తప్ప ఫ్యూజు పేలదు, చేతిలో వస్తువు మాడదు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

రాయగడ కుట్టుమిషను

మాస్టారుగారూ, మీ కథ చదువుతుంటే నా మిక్సీ గుర్తొచ్చింది. పదేళ్ల కిందట సంక్రాంతి ముందు రోజు బూరెల పప్పు రుబ్బుతుండగా మిక్సీ ఆగిపోతే, గబగబా దుకాణానికి పట్టుకెళ్లాను. అక్కడి అబ్బాయి దాన్ని లోపలికి తీసుకెళ్లి, ఐదు నిమిషాల్లో తెచ్చి, 150 రూపాయలు తీసుకున్నాడు. నెల తిరక్కుండా మళ్లీ ఆగింది. ఈసారి తిరగేసి చూస్తే అడుగున చిన్న ఎర్ర బటను కనిపించింది. మోటారు మీద బరువు మించినప్పుడు, వేడెక్కినప్పుడు అది దానంతట అదే బయటికి తన్నుకుని కరెంటు ఆపుతుందట. కాసేపు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే చాలు. ఆ రోజు అతను చేసింది ఆ ఒక్క నొక్కుడే. ఆ 150 రూపాయలకు కోపం తెచ్చుకుని నేర్చుకున్న పనితోనే ఈ రోజు మా వీధిలో నాలుగు ఇళ్ల మిక్సీలు, ఆరు కుట్టుమిషన్లు నేనే చూస్తున్నాను.

నేను నేర్చుకున్న పద్ధతి చెబుతాను. పాత సామాన్లవాడి దగ్గర చచ్చిన మిక్సీ ఒకటి తూకానికి కొన్నాను. కరెంటు పెట్టేది లేదు కనుక భయం లేదు. దాన్ని విప్పడం, మళ్లీ బిగించడం, రోజుకొకసారి చొప్పున పది రోజులు చేశాను. మొదటి రోజు మూడు మరలు మిగిలిపోయాయి. రెండో రోజు నుంచి ఇడ్లీ ప్లేటు తెచ్చుకుని, విప్పిన వరుసలోనే ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చోటి మరలు వేయడం మొదలుపెట్టాను; వెనక నుంచి తీసుకుంటూ వస్తే బిగించే వరుస దానంతట అదే వస్తుంది. ఇప్పటికీ మా ఇంట్లో ఒక ఇడ్లీ ప్లేటు వంటింటి ముఖం చూడదు. మా అత్తగారు ఇంకా దాని గురించి సణుగుతూనే ఉంటారు.

మిక్సీలో మామూలుగా అరిగేవి రెండు. జారు కూర్చునే చోట ఉండే కప్లరు పళ్లు అరిగితే మోటారు తిరుగుతుంది గాని జారులో బ్లేడు తిరగదు. లోపల తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్లు అరిగితే మోటారు ఆగి ఆగి తిరుగుతుంది, గాలి కంతల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి. కార్బన్లు మార్చేటప్పుడు ఒక్కటి పోయిందని ఒక్కటే మార్చకండి, జతగా మార్చండి. పాతవి పట్టుకెళ్లి కొలత చూపించి తెచ్చుకోండి. కుట్టుమిషను దారం తెంపుతున్నా కుట్టు వదిలేస్తున్నా నూటికి తొంభై సార్లు సూది వంగి ఉంటుంది, లేదా సూది చదును వైపు తప్పు దిశలో పెట్టి ఉంటారు. ముందు సూది మార్చి చూడకుండా లోపలి మరల జోలికి వెళ్లిన ప్రతిసారీ నేను చీవాట్లు తిన్నాను.

హార్డ్‌వేర్ దుకాణాల్లో స్క్రూడ్రైవరు అని అడిగితే ఆడమనిషికి ఎందుకన్నట్టు చూసేవారు. బజారు మాటలో పేచ్‌కస్ అని, అదీ ప్లస్ గుర్తు ములికి ఉండే ఫిలిప్స్‌లో నాలుగో నంబరు కాదు రెండో నంబరుది అని అడగడం మొదలుపెట్టాక ఆ చూపు మారింది.

జయపురం సైకిల్

పెద్దలతో చిన్న విభేదం. మొదటి పనిగా కరెంటు వద్దు, సైకిలు మంచిది. తప్పు చేస్తే పడేది గ్రీజు మరకే. మాస్టారు నాన్నగారి పెట్టెకు కూడా అదే తగిన పని. రెండు పెడళ్లు విప్పి బిగించడంతో మొదలుపెట్టండి. కుడి పెడలు మామూలు మర, ఎడమ పెడలు ఎదురు మర. తొక్కేటప్పుడు తనంతట తాను ఊడిపోకుండా ఉండడానికి అలా చేస్తారు. ఎడమదాన్ని మామూలు వైపు తిప్పి విప్పాలని చూస్తే ఇంకా బిగిసిపోతుంది. ఏ మరకైనా బలం పెట్టే ముందు అది ఎటు తిరుగుతుందో ఆలోచించే అలవాటు అక్కడే వస్తుంది. తరువాత కారే కుళాయికి వాషరు వేయండి, పైన గేట్‌వాల్వ్ కట్టేయడం మరవకండి. నేను మరిచిపోయి ట్యాంకు నీళ్లన్నీ హాల్లోకి తెచ్చాను.

నేర్పేవారి గురించి అడిగారు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఆర్‌సెటీలు అంటారు, జిల్లాల్లో ఉన్నాయి. ఇంటి వైరింగు, మోటారు రీవైండింగ్, సెల్‌ఫోన్ మరమ్మతు వంటివి ఉచితంగా, భోజనం వసతితో నేర్పుతారు. అయితే అవి ఉపాధి వెతుక్కునే గ్రామీణ యువత కోసం. మాస్టారి వయసుకు చోటు దొరకదు. పద్దెనిమిదేళ్లు నిండిన మీ పాత విద్యార్థులకు మాత్రం చెప్పండి.

బరంపురం పింఛనుదారు

నేను కరెంటు లైన్ పనిలో ముప్పై ఏళ్లు ఉండి దిగాను. పైవాళ్లు చెప్పినవన్నీ మంచి మాటలే. నేను చెప్పేవి చేయకూడని పనులు, వాటిని దయచేసి రెండుసార్లు చదవండి.

స్విచ్ ఆపాను కదా అని ఫ్యాను తీగ పట్టుకోవద్దు. మన పాత ఇళ్లలో స్విచ్‌ను కరెంటు తెచ్చే ఫేజు తీగ మీద కాక, తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ మీద పెట్టినవి నేను లెక్కలేనన్ని చూశాను. అలాంటి చోట స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది గాని, ఫ్యాను దాకా ఫేజు నిలబడే ఉంటుంది. మెయిన్ ఆపండి, పాతరకం ఫ్యూజు అయితే పీకి జేబులో వేసుకోండి. బోర్డు మీదే వదిలేస్తే, టీవీ ఆగిందని ఇంట్లో పిల్లలు వచ్చి పెట్టేస్తారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా ఫ్యాన్లకు కరెంటు వస్తూనే ఉంటుందని చాలామందికి తోచదు. దాన్ని కూడా విడిగా ఆపాలి. ఆ తరువాత టెస్టరు. టెస్టరును ముందుగా కరెంటు ఉన్నదని తెలిసిన చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, అప్పుడు పని చేసే తీగలు రెండింటి మీదా పెట్టండి. చచ్చిన టెస్టరు వెలగకపోతే కరెంటు లేదని నమ్మి నిచ్చెన మీద నుంచి పడిన ఒక కుర్రవాణ్ణి ఆసుపత్రికి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అతను బతికాడు, చేయి మాత్రం సరిగా రాలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను, గుణుపురం వైపును ఎలా తుడిచిపెట్టిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కరెంటు తిరిగి వచ్చిన రోజుల్లో, నీళ్లలో నానిన మోటార్లను పైపైన తుడిచి వెంటనే ప్లగ్గులో పెట్టి కాల్చుకున్నవాళ్లు ఎందరో. బురద నీళ్లు పోయిన మోటారును మంచినీళ్లతో కడిగి, విప్పి, రోజుల తరబడి ఆరనిచ్చి, వైర్‌మన్ చేత తీగల ఇన్సులేషన్ సరిగా ఉందో లేదో కొలిచే మెగ్గరు పెట్టించి చూసిన తరువాతే కరెంటు ఇవ్వాలి. మరమ్మతులో ఓపిక కూడా ఒక పనిముట్టని మా మేస్త్రీ అనేవాడు, మేము నవ్వేవాళ్లం.

మైక్రోవేవ్ ఓవెన్ తెరవవద్దు. అందులోని కండెన్సర్‌లో ప్లగ్గు పీకిన తరువాత కూడా ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. పాత గాజు ట్యూబు టీవీ కూడా అంతే. మీటరు సీలు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ మీవి కావు, వాటిని ముట్టుకోకండి. గ్యాసు వాసన వస్తే రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరిచి, స్విచ్ ఏదీ ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. రెగ్యులేటరు విప్పి బాగుచేసే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. ఫ్యూజు తరచూ పోతోందని లావు తీగ చుట్టడం మన జిల్లాల్లో పెద్ద జబ్బు. ఫ్యూజు పోకపోతే గోడలో తీగ మాడుతుంది. ఇంటికి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి మాస్టారూ, నేర్చుకునేవారి ఇంట్లో అది తప్పనిసరి.

గుణుపురం మాస్టారు

రెండు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. ముందుగా సైకిలు పెడళ్లు విప్పాను. ఎడమది తప్పు వైపు తిప్పి ఇంకా బిగించిన తరువాతే జయపురం తమ్ముడి మాట గుర్తొచ్చింది. ఆర్‌సీసీబీ పెట్టించాను. నాన్నగారి పానాలను అంకెలు చదివి వేరు చేశాను, మిల్లీమీటర్లవి మూడే ఉన్నాయి.

హాల్లో వోల్టేజి ఉదయం 228, రాత్రి ఎనిమిదికి 204. ఉదయం కూడా ఫ్యాను నెమ్మదిగానే ఉంది కనుక కండెన్సర్ తీసి కొలిచాను. మీద 2.5 అని రాసి ఉంది, మీటరు 1.4 చూపించింది. ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పడం కష్టం. నాలుగు రోజులు సైకిలు వెనక తిరిగొచ్చిన ఆ మొదటి ఫ్యాను సంగతి కూడా అప్పుడే పూర్తిగా అర్థమైంది. బజారులో అదే అంకె ఉన్నది వంద రూపాయలలోపు దొరికింది.

కాని ఒక తప్పు జరిగింది. కనెక్టరు మరలు తుప్పు పట్టి ఉండడంతో కనెక్టరే కొత్తది వేద్దామని తీగలన్నీ విప్పాను. ఫోటో తీశాను గాని, అందులో నా బొటనవేలే ఎక్కువగా ఉంది. అంచనాతో కలిపి మెయిన్ వేస్తే ఫ్యాను తిరిగింది, గాలి మాత్రం కిందికి రావడం లేదు. బల్ల మీది కాగితం కదలదు, పైన సాలెగూడు మాత్రం ఊగుతోంది. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. ఆపేసి కూర్చున్నాను. ఏం చేయాలి?

పర్లాకిమిడి వైర్‌మన్

మాస్టారూ, ఆపేయడం మంచి పని, అలా ఎక్కువసేపు నడిపితే చుట్ట వేడెక్కుతుంది. కింద నిలబడి చూస్తే ఫ్యాను గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరగాలి. మీది ముల్లు దిక్కులో తిరుగుతోంది. మోటారు నుంచి వచ్చే మూడు తీగల్లో ఒకటి రెండు చుట్టలకూ ఉమ్మడి. మిగిలిన రెండింటి మధ్య కండెన్సర్ ఉంటుంది, ఆ రెండింటిలో ఒకదానికి ఫేజు నేరుగా వస్తుంది. మీరు ఫేజును నేరుగా రావలసిన తీగకు కాక పక్కదానికి ఇచ్చారు. మెయిన్, ఇన్వర్టర్ ఆపి, కండెన్సర్ కొసలు కలిపి, ఫేజు తీగను ఆ పక్క తీగ నుంచి తీసి ఇవతలి తీగకు మార్చండి. ఉమ్మడి తీగను కదపకండి. తరువాత ఈసారి బొటనవేలు లేకుండా ఫోటో తీసుకోండి.

గుణుపురం మాస్టారు

మార్చాను. కాగితాలు ఎగిరిపోయాయి, గడియారం కింద అణిచిపెట్టాను. రేపు ఆదివారం వంటింటి కుళాయి, ట్యాంకు గేట్‌వాల్వ్ ఇప్పుడే వెళ్లి తిప్పి చూసి వచ్చాను, అది బిగిసిపోయి తిరగడం లేదు. దానికి పానా వేసి బలం పెట్టవచ్చా, లేక ముందు నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలా?

జయపురం సైకిల్

నూనె వేసి వదిలేయండి మాస్టారూ. పొద్దున తిప్పేటప్పుడు మూసే వైపు కొంచెం, తెరిచే వైపు కొంచెం, అలా ముందుకూ వెనక్కూ ఊపుతూ కదపండి. పానా వేసి ఒక్కసారిగా బలం పెడితే లోపలి కాడ విరుగుతుంది, అప్పుడు ట్యాంకు నీళ్లు మీ హాల్లోకి వస్తాయి.